ఇంట్లో కట్టే విమానం డ్రాయింగులు ఎక్కడ పెట్టుకోవాలి, ఎలా పంచుకోవాలి: వాట్సాప్, డ్రైవ్, గిట్‌హబ్, ఆన్‌షేప్‌లలో ఏది ఎవరికి

మడికొండ దగ్గర మాకొక రేకుల షెడ్డు ఉంది. పోయిన వానాకాలం ఒక ఆదివారం అందులో రెండు రిబ్బులు ఒకదాని మీద ఒకటి పెట్టి చూసుకున్నాం. రిబ్బంటే విమానం రెక్క లోపలి పక్కటెముక. రెక్కకు ఆ వంపు తెచ్చేది అదే. ఒకటి హనుమకొండలో నేను కోసింది, ఇంకొకటి కాజీపేటలో తమ్ముడు కోసింది. ముక్కు కలిసింది, తోక కలిసింది. నడుమ స్పార్ (రెక్క పొడవునా పోయే దూలం) దూరే గాడి మాత్రం వాడిదాంట్లో 6 మిల్లీమీటర్లు వెనక్కి ఉంది. "నేనేం చెయ్యాలె అన్నా, గ్రూపుల వచ్చిన కాయితం చూసే కోసిన" అన్నాడు. వాడి తప్పేం లేదు. ఆ డ్రాయింగ్ గ్రూపులోకి రెండుసార్లు వచ్చింది. మొదట 'రిబ్ ఫైనల్' అని, వారం తర్వాత 'రిబ్ ఫైనల్ కొత్తది' అని. రెండోది వచ్చిన రోజు వాళ్లింట్లో పెళ్లి. ఆ రెండు పేర్లూ పెట్టింది నేనే.

తొమ్మిది రిబ్బులు పనికిరాకుండా పోయాయి. చెక్క పోయినందుకు పెద్ద బాధ లేదు. 6 మి.మీ. కాబట్టి కంటికి దొరికింది. అదే ఒక మిల్లీమీటరు అయ్యుంటే సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టి దూర్చేసి, పైన బట్ట కప్పేసేవాళ్లం. ఆ సంగతి తలచుకుంటేనే టెన్షన్.

మేం ఐదుగురం. నేను డ్రాఫ్టింగ్ పని చేస్తాను. ఒకరిది రైల్వే ఉద్యోగం, ఒకరు ఇంజినీరింగ్ విద్యార్థి, ఒకరు లేత్ నడుపుతారు, ఇంకొకరు మా వడ్రంగన్న. కడుతున్నది ఒక సీటున్న చెక్క విమానం. దాని డ్రాయింగులను అభిమానులే మళ్లీ గీసి, తప్పులు దిద్దుతూ నడుపుకుంటున్నారు. మేమింకా రెక్క దగ్గరే ఉన్నాం. ఎగిరే మాట చాలా దూరం, దానికి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతులు కావాలి. వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయానికి 2025లో కేంద్రం ఒప్పుకున్నప్పటి నుంచి మాత్రం షెడ్డుకు వచ్చిన ప్రతి మనిషీ "అక్కడికెల్లే లేపుతరా?" అని అడుగుతున్నాడు. నవ్వి ఊరుకుంటున్నాం.

ఈ రెండేళ్లలో డ్రాయింగులు దాచడానికి, పంచడానికి దొరికే దారులన్నీ వాడి చూశాం. ఎక్కువ జాగా ఎవడిస్తాడు, ఏది ఫ్రీ అని చూసి ఎంచుకోవద్దన్నది నా అభిప్రాయం. రంపం పట్టుకున్న మనిషి చేతిలో ఉన్న కాగితం ఇవాళ్టిదా, పాతదా అన్నది అతనికే తెలియాలి. అది ఏ దారిలో తేలిగ్గా తెలుస్తుందో అదే మీకు సరైనది.

ఈ తిప్పలు కొత్తవి కావు

1909లో పారిస్‌లో సాంతోస్ దుమాంట్ అనే బ్రెజిల్ దేశస్థుడు డెమాయిజెల్ అనే చిన్న విమానం ఎగరేశాడు. పేటెంట్ తీసుకోకుండా, ఎవరైనా కట్టుకోవచ్చని డ్రాయింగులు వదిలేశాడు. 1910లో అమెరికాలో పాపులర్ మెకానిక్స్ పత్రిక వాటిని అచ్చువేసింది. గొప్ప మనసే. కానీ ఒకసారి అచ్చయిన పత్రిక వెనక్కి రాదు. అందులో ఒక కొలత తప్పు పడిందని తర్వాత తేలినా, చదివి కట్టేవాడు ఏ ఊళ్లో ఉన్నాడో ఎవరికి తెలుస్తుంది?

దీనికి చేదు ఉదాహరణ ఫ్రాన్స్‌లోనే ఉంది. హెన్రీ మిన్యే 1934లో ఒక పుస్తకం రాసి, 'ఎగిరే నల్లి' లాంటి ముద్దుపేరున్న విమానం ఎలా కట్టుకోవాలో చెప్పాడు. ఫ్రాన్స్‌లో, బ్రిటన్‌లో జనం ఎగబడి కట్టారు. ప్రమాదాలు జరిగాయి, మనుషులు పోయారు. 1936లో విండ్ టన్నెల్‌లో, అంటే గాలిని వేగంగా ఊదే సొరంగంలో పెట్టి చూస్తే అసలు సంగతి బయటపడింది. ముందు రెక్క, వెనక రెక్క మరీ దగ్గరగా ఉండటంతో, ముక్కు ఒక హద్దు దాటి కిందికి వంగితే పైలట్ చేతిలోని కర్ర ఎంత లాగినా పైకి లేవదు. డిజైన్ సరిదిద్దారు. అప్పటికే పాత కొలతలతో కట్టినవి ఎన్నో కొట్టాల్లో ఉన్నాయి.

1970, 80ల్లో అమెరికా డిజైనర్ బర్ట్ రుటాన్ అమ్మిన వారిఈజీ, లాంగ్‌ఈజీ విమానాల డ్రాయింగులకు వచ్చేసరికి ఒక పద్ధతి ఏర్పడింది. డ్రాయింగులు కొన్నవాళ్లకు ఆయన కంపెనీ న్యూస్‌లెటర్ వెళ్లేది. మార్పులన్నీ అందులో వచ్చేవి. కట్టేవాడు పెన్ను తీసుకుని తన పుస్తకంలో ఆయా పేజీల్లో దిద్దుకోవాలి. ప్రతి మార్పుకూ ఒక తరగతి ఉండేది. విమానం నేల మీదే ఆపేసి వెంటనే చేయాల్సినవి, ఇన్ని గంటల్లోపు చేయాల్సినవి, చేస్తే మంచివి, మీ ఇష్టమైనవి, ఉత్త అచ్చుతప్పులు. 1985లో ఆయన డ్రాయింగులు అమ్మడం ఆపేశారు. తర్వాత అభిమానులు లాంగ్‌ఈజీ డ్రాయింగులను కంప్యూటర్‌లో మళ్లీ గీసి, ఓపెన్‌ఈజీ పేరుతో ముందుకు తీసుకెళ్లారు. ఇప్పుడు మన చేతిలో ఉన్న యాప్‌లన్నిటినీ ఆ న్యూస్‌లెటర్‌తో పోల్చి చూడండి. వేగంలో అన్నీ గెలుస్తాయి. ఆ తరగతుల పద్ధతి మాత్రం ఏ యాప్‌లోనూ తయారుగా దొరకదు, మనమే పెట్టుకోవాలి.

వాట్సాప్: గంట కొట్టడానికి సరే

మన దగ్గర అన్నీ వాట్సాప్‌లోనే మొదలవుతాయి, మాదీ అంతే. 2 జీబీ దాకా ఫైలు వెళ్తుంది, అందరికీ వాడటం వచ్చు, వడ్రంగన్నకు కూడా. ఇక్కడితో మంచి అయిపోయింది.

డ్రాయింగును ఫోటోగా పంపితే యాప్ దాన్ని నొక్కేస్తుంది, 3 కాస్తా 8 లాగా కనబడుతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఆ బాధ తప్పుతుంది కానీ అసలు జబ్బు అలాగే ఉంటుంది. పంపిన ప్రతిసారీ అది కొత్త కాపీ. ఐదుగురి ఫోన్లలో ఐదు కాపీలు, వాటికి మళ్లీ ఫార్వర్డులు. ఒకసారి ఫార్వర్డ్ అయ్యాక పాతదాన్ని వెనక్కి తీసుకునే దారి లేదు. శుభోదయాలు, పండగ ఫోటోల కింద మార్పు కబురు మూడు రోజుల్లో మునిగిపోతుంది. టెలిగ్రామ్ కాస్త నయం. ఫైళ్లు అక్కడే ఉంటాయి, కావలసిన మెసేజ్‌ను పైన పిన్ చేసి పెట్టుకోవచ్చు. అయినా ఇది కూడా కబుర్ల పెట్టెనే.

మేం గ్రూపు తీసేయలేదు. ఒక్క కట్టుబాటు పెట్టుకున్నాం. గ్రూపులో డ్రాయింగ్ ఫైలు పెట్టకూడదు, లింకు మాత్రమే పెట్టాలి. ఒక్కో మార్పుకు షీట్ మీది అక్షరం ఎ, బి, సి అని ముందుకు జరుగుతుంది. "షీట్ 14 మారింది, ఇప్పుడు సి, స్పార్ గాడి, పని ఆపండి" అంతే. చూసినవాళ్లందరూ 'చూశాను' అని తిరిగి రాయాలి. బొటనవేలు బొమ్మ ఒప్పుకోం. అది చదవకుండా కూడా నొక్కుతారు.

గూగుల్ డ్రైవ్: ఐదారుగురికి ఇది చాలు

మేమిప్పుడు వాడుతున్నది ఇదే. కాబట్టి దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను.

15 జీబీ ఉచితం. చెక్క విమానం డ్రాయింగులకు అందులో పదో వంతు కూడా పట్టదు. నాకు నచ్చిన గుణం ఇంకోటి ఉంది. పీడీఎఫ్‌ను తీసేసి కొత్తది పెట్టకుండా, అదే ఫైలు మీద కుడి క్లిక్ చేసి వెర్షన్ల మెనూలోంచి కొత్త కాపీ ఎక్కిస్తే లింకు మారదు. ఆ లింకును క్యూఆర్ కోడ్ చేసి ప్రతి డ్రాయింగ్ మూలలో అచ్చువేస్తున్నాం. షెడ్డులో వడ్రంగన్న ఫోన్ చూపిస్తే ఇవాళ్టి షీట్ తెరుచుకుంటుంది. కాగితం మీద 'బి', ఫోన్‌లో 'సి' కనబడితే రంపం కింద పెట్టి నాకు ఫోన్ చేస్తాడు. చదువుకున్న మాకంటే ఆయనకే ఇది ముందు అలవాటైంది. కిరాణా కొట్టులో రోజూ చేసే పనే కదా.

దీంట్లో మూడు గుంతలున్నాయి. ఒకటి, పాత వెర్షన్లు కలకాలం ఉండవు. 30 రోజులు దాటినా, వంద వెర్షన్లు దాటినా, 'ఎప్పటికీ ఉంచు' అని గుర్తు పెట్టకపోతే డ్రైవ్ వాటిని తీసేయవచ్చు. విమానానికి పాత డ్రాయింగులు కూడా కావాలి, ఎందుకంటే రెక్కలో ఉన్న మూడో రిబ్బు పాత 'బి' ప్రకారం కోసిందే కావచ్చు. అందుకే పాతవి వేరే ఫోల్డర్‌లో, పేరులో అక్షరంతో సహా దాచండి.

రెండు, ఫోల్డర్ ఎవరి అకౌంట్‌లో ఉందో వాళ్లతోనే అది బతుకుతుంది. మా విద్యార్థి తమ్ముడు మొదట కాలేజీ మెయిల్ ఐడీతో తెరిచాడు. చదువు అయిపోయాక ఆ ఐడీ మూసేస్తే ఫోల్డర్ గతేంటి? వెంటనే విడిగా జట్టు పేరుతో ఒక అకౌంట్ తెరిచి అందులోకి మార్చాం. దాని పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గర ఉంది.

మూడోదే అన్నిటికంటే లోతు. డ్రైవ్‌లో ఏది ఎప్పుడు మారిందో ఉంటుంది, ఎందుకు మారిందో ఉండదు. దానికోసం ఒక స్ప్రెడ్‌షీట్‌లో రిజిస్టర్ రాస్తున్నాం. తేదీ, షీట్ నంబరు, పాత అక్షరం, కొత్త అక్షరం, ఏం మారింది, ఎందుకు, గీసింది ఎవరు, సరిచూసింది ఎవరు, ఎన్ని ముక్కలు అప్పటికే కోశాం. గీసినవాడే సరిచూడకూడదు. ఎడిట్ చేసే హక్కు ఇద్దరికే, మిగతావాళ్లకు చూసే హక్కు. దీని మీద మాలో చిన్న అలక కూడా నడిచింది, కానీ నేను తగ్గలేదు.

తేదీల గురించి ఒక్క మాట. 05-06-2024 అంటే మనకు జూన్ 5, అమెరికా వాడికి మే 6. బయటివాళ్లతో డ్రాయింగులు పంచుకునేటప్పుడు 2024-06-05 అని సంవత్సరం ముందు రాయండి, ఫైళ్లు కూడా వరసలో నిలబడతాయి. మార్పుల అక్షరాల్లో ఇంగ్లిషు ఐ, ఓ వాడకండి, 1 లాగా, సున్నా లాగా కనబడతాయి. పెద్ద కంపెనీల డ్రాయింగ్ ఆఫీసుల్లో క్యూ, ఎస్, ఎక్స్, జెడ్ కూడా వదిలేస్తారు.

గిట్‌హబ్: మళ్లీ గీసేవాళ్లకు

ప్రోగ్రాములు దాచుకుని, కలిసి దిద్దుకునే సైటు ఇది, సాఫ్ట్‌వేర్ వాళ్ల ఇల్లు. మా విద్యార్థి తమ్ముడు పోరు పెట్టి అందరి చేతా అకౌంట్లు తెరిపించాడు. నాలుగు నెలల తర్వాత వాడుతున్నది వాడూ నేనూ. దీన్ని తక్కువ చేయడం లేదు, దీనికి తగ్గ పని వేరే.

ఇందులో ప్రతి మార్పుకూ ఎవరు, ఎప్పుడు, ఎందుకు అన్నది రాయకుండా ముందుకు పోనివ్వదు. తప్పు దొరికితే ఎవరైనా ఒక 'ఇష్యూ' తెరవచ్చు. "షీట్ 9లో నాలుగు ముక్కల కొలతలు కూడితే మొత్తంతో కలవట్లేదు" అని జగిత్యాలలో ఉన్నవాడు రాస్తే, ఎక్కడో ఉన్నవాడు దిద్ది పంపుతాడు, బాధ్యుడు చూసి కలుపుకుంటాడు. ఆ చర్చ మొత్తం అక్కడే ఉండిపోతుంది. పదేళ్ల తర్వాత వచ్చినవాడికి కూడా ఆ గాడి ఎందుకు జరిగిందో తెలుస్తుంది. పాత అచ్చు డ్రాయింగులను పది మంది కలిసి కంప్యూటర్‌లోకి ఎక్కించే పనికి ఇంతకంటే మంచి చోటు లేదు.

అయితే గిట్‌హబ్ వెనక నడిచే గిట్ అనే సాఫ్ట్‌వేర్ పుట్టింది రాతకోసం, గీతకోసం కాదు. ప్రోగ్రామ్‌లో ఒక వరస మారితే రంగు వేసి చూపిస్తుంది. డ్రాయింగ్ ఫైలులో ఒక గీత జరిగితే 'ఫైలు మారింది' అని మాత్రమే అంటుంది. ఇద్దరు ఒకే డ్రాయింగును ఒకేసారి మారిస్తే రెంటినీ కలపలేదు, ఒకరి శ్రమ పోతుంది. 'షీట్ 14 నా దగ్గర ఉంది, ముట్టకండి' అని ముందే చెప్పుకోవాల్సిందే. బ్రౌజర్‌లోంచి ఎక్కించే ఫైలు 25 ఎంబీ దాటకూడదు, మామూలుగా ఏ ఫైలైనా 100 ఎంబీ దాటకూడదు. స్కాన్ చేసిన పాత పుస్తకమైతే అక్కడే ఆగిపోతుంది. పూర్తయిన సెట్టును 'రిలీజ్' కింద పెడితే ఒక్కో ఫైలు 2 జీబీ దాకా పడుతుంది.

గిట్‌హబ్ వాడేవాళ్లు డ్రాయింగ్ ఫైలుతో పాటు దాని పీడీఎఫ్ కూడా ప్రతిసారీ పెట్టండి. కొలతల పట్టికను వేరే మామూలు టెక్స్ట్ ఫైలులో రాయండి. గీత మారింది కనబడకపోయినా అంకె మారింది కనబడుతుంది.

ఆన్‌షేప్, ఫ్రీక్యాడ్: గీసే చోటే దాచుకోవాలంటే

ఆన్‌షేప్ బ్రౌజర్‌లో నడిచే త్రీడీ డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్. ఫైలు అనేదే ఉండదు, అందరూ ఒకే మోడల్‌ను చూస్తారు, వెర్షన్లు దాంట్లోనే ఉంటాయి. స్పార్ ఒక్కదాన్ని జరిపితే అన్ని రిబ్బుల గాడులూ వాటంతట అవే జరుగుతాయి. మా 6 మి.మీ. కథ అందులో పుట్టేది కాదు. ఉచితంగా వాడితే మీ పని లోకమంతటికీ కనబడుతుంది, వ్యాపారానికి వాడకూడదు. అందరికీ పంచే డ్రాయింగులకు అది అడ్డేం కాదు. మీరు కొన్న డ్రాయింగులను మాత్రం దాంట్లో గీసుకోకండి, లోకానికి పంచినట్టే అవుతుంది.

నాకు నచ్చనిది నెట్ లేకపోతే ఏమీ లేకపోవడం. మా షెడ్డులో కరెంటు పోతే సిగ్నల్ కూడా పోతుంది. పైగా కంపెనీ రేపు నియమాలు మారిస్తే మనం చేసేదేమీ ఉండదు. నెలకోసారి అంతా స్టెప్ ఫైళ్లుగా దింపుకుని దాచుకోండి. ఆ రకం ఫైలు దాదాపు ఏ త్రీడీ డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరుచుకుంటుంది.

ఫ్రీక్యాడ్ కూడా త్రీడీ డ్రాయింగ్ సాఫ్ట్‌వేరే. పూర్తిగా ఉచితం, మీ కంప్యూటర్‌లోనే ఉంటుంది. 2024 నవంబర్‌లో 1.0 వచ్చాక బాగా గట్టిపడింది. పంచుకోవడానికి మళ్లీ డ్రైవో గిట్‌హబ్బో కావాలి.

చివరికి కాగితమే

పైవాటిలో ఏది ఎంచుకున్నా, చెక్క మీద గీత పడేది కాగితం చూసే. నిజంగా పొరపాట్లు జరిగేది అక్కడ, యాప్‌లలో కాదు.

జిరాక్స్ సెంటర్‌లో 'పేజీకి సరిపడా' అన్న గుర్తు అలాగే ఉంటే ప్రింట్ 97 శాతానికి తగ్గవచ్చు. 1300 మి.మీ. పొడవైన రిబ్బు 1261 మి.మీ.కి పడిపోతుంది. చూడ్డానికి మాత్రం అచ్చం అలాగే ఉంటుంది. అందుకే ప్రతి షీట్ మీద అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి 200 మి.మీ. గీతలు పెట్టండి. ప్రింట్ చేతికి రాగానే కౌంటర్ దగ్గరే ఉక్కు స్కేలు పెట్టి కొలవండి. టేపుతో వద్దు, దాని కొస కొక్కెం ఊగుతుంది. రెండూ ఎందుకంటే, రోల్ ప్రింటర్ కాగితాన్ని లాగే దిక్కులో ఒక్కోసారి సాగుతుంది. ఏ-జీరో కాగితం పొడవు 1189 మి.మీ. మాత్రమే. పై రిబ్బు దాంట్లో నేరుగా పట్టదు. రెండు ముక్కలు అతికించే బదులు, ఇళ్ల ప్లాన్లు తీసే ప్లాటర్ షాపులో 36 అంగుళాల రోల్ మీద ఒకే ముక్కగా తీయించండి. వానాకాలం మామూలు కాగితం తేమ పీల్చి ఉబ్బుతుంది. ఫర్మా, అంటే చెక్క మీద పెట్టి గీసుకునే అచ్చు చేయడానికైతే ప్లాస్టిక్ ఫిల్మ్ మీద తీయించడమే మంచిది.

కొత్త ప్రింట్ షెడ్డులోకి వచ్చిందంటే పాతది చింపాలి. దాచుకుందామని మూల పెట్టొద్దు, మా తొమ్మిది రిబ్బులకు ముందు ఒక తోక ముక్క అలాంటి మూలలోని కాగితం చూసే పాడైంది. కోసిన ప్రతి ముక్క మీద పెన్సిల్‌తో షీట్ నంబరు, అక్షరం రాస్తున్నాం. '14 సి' అని. ఈ నాలుగు గీతల పని నేను చెప్పిన యాప్‌లన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది.

అంగుళం, మిల్లీమీటరు, నూలు

చాలా డ్రాయింగులు అమెరికావి, అంగుళాల్లో ఉంటాయి. డీఎక్స్‌ఎఫ్ అనే డ్రాయింగ్ ఫైలు తెరిచినప్పుడు అంగుళాలు మిల్లీమీటర్లయిపోతే బొమ్మ 25.4 రెట్లు చిన్నదవుతుంది, అది ఎవరికైనా కనబడుతుంది. కనబడనిది గుండ్రం చేయడం. 1/8 అంగుళం, అంటే మన వడ్రంగుల లెక్కలో ఒక నూలు, 3.175 మి.మీ. బజారులో దొరికేది 3 మి.మీ. ప్లై. ఎవరో దాన్ని 3 అని రాసేశారంటే అది అచ్చుతప్పు దిద్దడం కాదు, డిజైన్ మార్చడం. అలాగే విమానాలకు వాడే ఏఎన్3 బోల్టు 3/16 అంగుళం, అంటే 4.76 మి.మీ. దానికి బదులు ఎం5 బోల్టని రాసి 5 మి.మీ. రంధ్రం వేసి, తర్వాత దొరికింది కదా అని మళ్లీ ఏఎన్3 పెడితే పావు మిల్లీమీటరు వదులు. డ్రాయింగులో అసలు కొలత తీసేయకుండా, పక్కన మార్చిన కొలత రాయండి. పనిలో పనిగా, ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై నీళ్లకు ఆగుతుంది కానీ అది విమానం ప్లై కాదు. ఎవరి ఫైలులోనైనా అలా రాసి ఉంటే నమ్మకండి.

పంచేముందు: ఎవరి డ్రాయింగ్, ఏ మార్పు

డబ్బు పెట్టి కొన్న డ్రాయింగులు చాలావరకు ఒక సెట్టుకు ఒక విమానం లెక్కన ఇస్తారు. స్కాన్ చేసి పదిమందికి పంపడం తప్పు. మన చట్టంలో రాసినవారి, గీసినవారి హక్కు వాళ్లు పోయాక కూడా 60 ఏళ్లు ఉంటుంది. అలాంటప్పుడు డ్రాయింగ్ పంచకుండా 'షీట్ 7లో ఈ కొలత ఇలా దిద్దుకోండి' అని మీరు కనిపెట్టిన తప్పుల పట్టిక మాత్రం పంచండి. ఆ సెట్టు కొన్నవాళ్లందరికీ పనికొస్తుంది.

మీరే మొదటి నుంచి గీసినవాటికి లైసెన్సు, అంటే ఎవరు ఏం చేసుకోవచ్చో చెప్పే షరతులు రాసి పెట్టండి. రాయకపోతే ఎవరూ ధైర్యంగా దిద్దరు. తయారుగా దొరికే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో 'మార్చకూడదు' అన్న షరతున్నది ఈ పనికి పూర్తిగా దండగ, దిద్దిన కాపీని పంచడమే కుదరదు. పరికరాల డిజైన్ల కోసమే ఐరోపా అణు పరిశోధన సంస్థ సెర్న్ వాళ్లు రాసిన ఓపెన్ హార్డ్‌వేర్ లైసెన్సు, 2020లో వచ్చిన రెండో వెర్షన్, నాకు నచ్చింది. అందులో గట్టి రకం తీసుకుంటే, మీ డ్రాయింగును మార్చి పంచేవాడు తన మార్పులు కూడా అదే షరతుతో ఇవ్వాలి.

మార్పుల్లో దిద్దుబాటు వేరు, సొంత ఇష్టం వేరు. 1997 అక్టోబర్ 12న గాయకుడు జాన్ డెన్వర్ కాలిఫోర్నియా తీరంలో లాంగ్‌ఈజీ కూలి చనిపోయాడు. ఆ విమానం కట్టింది ఆయన కాదు, కొనుక్కున్నాడు. డ్రాయింగ్ ప్రకారం పైలట్ కాళ్ల మధ్య ఉండాల్సిన పెట్రోలు ట్యాంకు మార్చే పిడిని, కట్టినవాడు ఎడమ భుజం వెనక బిగించాడు. దాన్ని అందుకోవాలంటే వెనక్కి తిరగాలి. ప్రమాదానికి ఆ పిడి ఉన్న చోటు కూడా ఒక కారణమని దర్యాప్తు తేల్చింది. అందుకే మా ఫోల్డర్‌లో సొంత మార్పులు అసలు డ్రాయింగులో కలవవు. 'ఈ ఒక్క విమానానికి' అన్న పేరుతో వేరేగా ఉంటాయి. బయటివాళ్లకు పంచేటప్పుడు ఆ ఫోల్డర్ వెళ్లదు.

ఇక మీ సంగతి

ఒక్కరే కడుతుంటే గిట్‌హబ్ జోలికి పోకండి. డ్రైవ్‌లో ఒక ఫోల్డర్, ఒక నోటు పుస్తకం, పెన్‌డ్రైవ్‌లో నెలకో కాపీ చాలు.

ముగ్గురి నుంచి ఎనిమిది మంది దాకా, అందులో కంప్యూటర్ రానివాళ్లు కూడా ఉంటే మాలాగే డ్రైవ్, క్యూఆర్, రిజిస్టర్. కబురుకు వాట్సాప్.

వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు దేశాల్లో ఉన్నవాళ్లతో కలిసి పాత డిజైన్‌ను మళ్లీ గీస్తుంటే గిట్‌హబ్. షెడ్డులోకి మాత్రం రిలీజ్ చేసిన పీడీఎఫ్‌లే వెళ్లాలి, నడుస్తున్న పని కాదు. ఆ సెట్టు ఒక దశకు వచ్చాక జెనోడోలో కూడా ఒక కాపీ పెట్టండి. సెర్న్ నడిపే ఆ నిల్వలో ప్రతి వెర్షన్‌కూ విడి గుర్తింపు సంఖ్య ఇస్తారు, మీ జట్టు విడిపోయినా అది ఉంటుంది.

కొత్త డిజైన్ మొదటి నుంచి చేస్తున్న కాలేజీ జట్టయితే ఆన్‌షేప్‌తో మొదలుపెట్టండి. కొలత ఒకటి మారితే మిగతావి తమంతట మారడం ఆ దశలో చాలా అవసరం. సీనియర్లు వెళ్లిపోయే ముందు అకౌంట్ ఎవరి పేరు మీద ఉందో ఒకసారి చూసుకోండి.

వాట్సాప్ తప్ప ఇంకేదీ మా వాళ్లు వాడరు అనేవాళ్లు కూడా ఉంటారు. అలాంటప్పుడు గ్రూపులో ఒక్కరికే పంపే హక్కు పెట్టండి. ఫైలు పేరులో 'ఫైనల్' అన్న మాట రాకుండా, షీట్ నంబరు, అక్షరం, తేదీ ఉండేలా చూడండి. కొత్తది పెట్టిన రోజు ఒక్కొక్కరికీ ఫోన్ చేయండి, వాళ్లింట్లో పెళ్లున్నా సరే.